నాన్న ఎత్తు గట్టు

"వంటింటి గట్టు కొట్టించేస్తన్నానప్పా, సూడాలనుంటే బేగి రా" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను అనకాపల్లిలో మా గుమ్మం ముందు బండివాడితో ఆనపకాయ బేరమాడుతున్నాను. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడికి యాభై దాటినా నేను వాడికి అప్పనే. గట్టు కొట్టించడానికి నన్ను పిలవడమేమిటి, అదేమన్నా గృహప్రవేశమా అని విసుక్కుంటూ ఫోన్ పెట్టేశాను. తీరా లోపలికొచ్చి ఆనపకాయ చెక్కు తీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ గట్టు మా నాన్న కట్టింది. తాపీమేస్త్రిని పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా, వీధి తలుపు గడియ పెట్టుకుని మరీ కట్టింది. దాని మీద మా నానమ్మ వండింది, అమ్మ వండింది, నేనూ పెళ్ళయ్యేదాకా వండాను. అది పోయేముందు ఒకసారి చూసి రావాలనిపించింది. మర్నాడు పొద్దున్నే చోడవరం బస్సెక్కాను.

బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళేసరికి ఎండెక్కింది. మా ఇంటి వీధి తలుపు గడియ వేసి ఉంది. మా వీధిలో మనుషులున్న ఇంటికి పగటిపూట గడియ పెట్టరు. పెట్టారంటే లోపల ఏదో వీధికి తెలియకూడనిది జరుగుతోందని అర్థం. రెండుసార్లు పిలిచాక తమ్ముడు తలుపు తీశాడు. భుజం మీద తడి తువ్వాలు, నుదుట చెమట, వాడి వెనకాల నుంచి అప్పుడే వేసిన ఇంగువ పోపు వాసన. నేను ఏమీ అడగకుండానే, "లక్ష్మి పొద్దున్నే వండీసి స్కూలుకెల్లిపోనాదప్పా" అన్నాడు. లక్ష్మి నా మరదలు, దేవరాపల్లి దగ్గర బళ్ళో టీచరు. సూర్యుడితో పాటు లేచి బస్సు పట్టుకుంటుంది. తమ్ముడు ఇన్నాళ్ళూ ఇంటి ముందు గదిలో దుకాణం నడిపాడు. మొదట ఎస్టీడీ బూత్, అది పోయాక జిరాక్స్ షాపు. జనానికి అన్నీ ఫోన్లోనే అయిపోవడం మొదలయ్యాక ఆ మెషీన్ కూడా అమ్మేసి, ఆ గది చెప్పుల కొట్టుకి అద్దెకిచ్చాడు. అంటే ఇప్పుడు పగలంతా ఇంట్లో ఉండేది వాడే. ఆ పోపు పొద్దున్న వేసిన పోపు కాదు. "అలాగా" అని మాత్రం అని చెప్పులు విప్పాను. కోడలు వండేసి వెళ్ళిపోయిందన్న మాట ఆ గుమ్మంలోనే నేను చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. అప్పుడు ఆ అబద్ధం ఆడింది మా నానమ్మ.

గట్టు అలాగే ఉంది. ఇటుకలు పేర్చి, పైన నాపరాయి పరిచి, కిటికీ కింద గోడకి ఆనించి కట్టిన గట్టు. ఎవరు చూసినా మొదట అనే మాట ఒకటే, ఇంత ఎత్తేమిటని. మా ఇంటి ఆడవాళ్ళెవరికీ అది అందేది కాదు. అందుకని దాని ముందు ఎప్పుడూ ఒక చెక్కపీట ఉండేది, కూర్చోవడానికి కాదు, ఎక్కి నిలబడడానికి. ఆ పీట ఇంకా అక్కడే ఉంది. మధ్యలో అరిగి నున్నగా అయిపోయింది. నేను దాని మీద ఎక్కి నిలబడితే, ఇంత వయసొచ్చాక కూడా, కాళ్ళకి ఆ నునుపు గుర్తున్నట్టే అనిపించింది.

నాన్న పంచదార ఫ్యాక్టరీలో పాన్ దగ్గర పనిచేసేవాడు. చెరుకు రసాన్ని పెద్ద పెద్ద పాత్రల్లో కాచి పలుకు కట్టించే చోటు అది. పాన్ మీద ఉన్నవాడు అస్తమానం కొంచెం కొంచెం పాకం తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసి, తీగ ఎంత వస్తోందో చూస్తూ ఉండాలి. ఎనిమిది గంటలూ నిలబడే. మా ఇంట్లో ఏడాదికి రెండే కాలాలు, సీజను, అన్‌సీజను. సీజన్లో చెరుకు బళ్ళు వీధంతా బారులు తీరేవి, ఫ్యాక్టరీ ఉన్న గోవాడ వైపు నుంచి గాలి వీస్తే చెరుకు మడ్డి వాసన మంచాల మీద దుప్పట్లకి కూడా పట్టేది, నాన్న చొక్కా విప్పి తగిలిస్తే గోడకి చీమలు పట్టేవి. అన్‌సీజన్లో ఫ్యాక్టరీ పడుకునేది, నాన్నా ఇంట్లో ఉండేవాడు. ఉన్న కొద్దిపాటి మడి పని చూసుకోవడం, పైకప్పు పెంకులు సర్దడం, మా ఇద్దరికీ పలకలు తుడిచిపెట్టడం, ఇంతే. మనిషి పొడుగు. గుమ్మాలన్నిటి దగ్గరా తలవంచి నడిచీ నడిచీ, గుమ్మం లేని చోట కూడా వంగే అలవాటు పడిపోయింది.

ఇంటికి పెద్ద మా నానమ్మ. పగలంతా వీధి అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేది, అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడుతూ, అలాగే తిడుతూ, నోరు కాలకుండా ఎలా కాల్చేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మోకాళ్ళు పట్టేసి నేల మీద గొంతుక్కూర్చోలేకపోయేది. అప్పట్లో మా ఇళ్ళల్లో పొయ్యి నేల మీదే. కూర్చోలేనివాళ్ళు వండలేరు. అందుకే అమ్మ కాపురానికొచ్చిన కొత్తలోనే నానమ్మ వంటిల్లు కోడలికి వదిలేసి అరుగు మీదకి వచ్చేసింది. వదిలేసిందని అందరూ అనేవారు. వదిలేయడం వేరు, వదులుకోవాల్సి రావడం వేరు అని నాకు చాలా తరవాత తెలిసింది. అరుగు మీద నుంచే "ఒలే, పోపు మాడతాంది", "ఒలే, గంజి పొంగతాంది" అని వాసనని బట్టి, చప్పుడుని బట్టి వంటిల్లు నడిపించేది.

అమ్మ పెళ్ళికి ముందే ఎస్సెల్సీ పాసైంది. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఎవరో చెబితే టెలిఫోన్ ఆపరేటర్ల పరీక్షకి దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చేసింది. విశాఖపట్నంలో ట్రైనింగు, తరవాత చోడవరం ఎక్స్‌ఛేంజీలోనే పని. నానమ్మ చుట్ట నోట్లోంచి తీసి మరీ మాట్లాడిన సందర్భాలు తక్కువ. ఆ రోజు తీసింది. "మొగోలందరూ దీని గొంతు ఇంటారట. రోజంతా ఎవులెవులితోనో ఇది మాటాడతాదట. నానొప్పను" అంది. నాన్న గోడకానుకుని కూర్చుని ఒక బేరం పెట్టాడు. "అన్‌సీజను గదమ్మా, నాను ఇంట్లోనే ఉంతాను. గుంటల్ని నాను సూసుకుంతాను. సీజను దాకా ఎల్లనీ" అన్నాడు. గుంటలంటే మేం పిల్లలమిద్దరం. నానమ్మ వెంటనే దాన్ని పట్టుకుంది. "అలగైతే బాయిలరంటించిన్నాటికి ఇది ఇంటికొచ్చీయాల. మాటంటే మాటే" అంది. అమ్మ తలూపింది. ఫ్యాక్టరీలో బాయిలర్ వెలిగించి పూజ చేస్తే సీజను మొదలైనట్టు. అంటే మా అమ్మ ఉద్యోగానికి ఆయుష్షు బాయిలర్ వెలిగేదాకా.

అమ్మ, తనకి ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు ఒక్కసారే చెప్పింది, నాకు జడ వేస్తూ. ఎక్స్‌ఛేంజీలో చెక్కబోర్డు నిండా కన్నాలుంటాయని, తలకి చెవులకి ఒక యంత్రం తగిలించుకుని తీగల్ని ఒక కన్నంలోంచి తీసి ఇంకో కన్నంలో పెడితే చోడవరం మనిషి మద్రాసు మనిషితో మాట్లాడతాడని చెప్పింది. తరవాత, "ఆ బోర్డు ముందర కూకుంటే నువ్వు ఎవులి కోడలివని ఎవులూ అడగరే. నంబరడుగుతారు, అంతే" అంది. జడ చివర రిబ్బను గట్టిగా లాగి ముడివేసింది. నాకు నొప్పెట్టింది.

మొదట్లో అమ్మ తెల్లారకుండా లేచి వండేసి వెళ్ళడానికి చూసింది. తడి పుల్లలు, చంటాడి ఏడుపు, ఏడింటి డ్యూటీ. అలా కొన్నాళ్ళు లాగి, ఒక పొద్దున్న పొయ్యి ముందే కునుకు పట్టి చీర కొంగు కాల్చుకుంది. ఆ రోజు నాన్న ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. నానమ్మ అరుగు మీద నుంచి అంతా చూసింది. లేచొచ్చి నాన్న చేత వీధి తలుపుకి లోపల గడియ పెట్టించింది. మా ఇంటికి పగటి గడియ ఆ రోజే మొదలైంది.

నాన్నకి వంట రాదు. పాకం వచ్చు. ఏది వండినా పాన్ మీద ఉన్నట్టే వండేవాడు. పప్పు గరిటెతో కాస్త తీసి వేళ్ళ మధ్య పెట్టి సాగదీసేవాడు, తీగ రాలేదని ఇంకా ఉడికించేవాడు. ఒకసారి కందిపప్పు నిజంగానే తీగ వచ్చేదాకా ఉడికించాడు. కంచంలో అన్నం ఒక వైపు, పప్పు ఒక వైపు లాక్కుంటే రెండూ కలిసి లేచొచ్చాయి. చోడి అంబలి, అంటే రాగి జావ, ముక్కలుగా కోసుకు తిన్నాం. ఉప్పుతో ఇంకో చిక్కు. దేవుడికి చూపించకుండా వంట నోట్లో పెట్టుకోకూడదని నానమ్మ పట్టు. రుచి చూడకూడదు, వాసన చూసే ఉప్పు తెలుసుకోవాలి. నాన్న ముక్కుకి అది తెలీదు. గరిటెలో చారు పట్టుకుని వచ్చి, గడియ తీసి, తలుపు చాటు నుంచి అరుగు వైపు చెయ్యి మాత్రం బయటికి చాచేవాడు. నానమ్మ నోట్లో నిప్పుతో సహా వంగి వాసన చూసి "సాల్లేదు" అనేది. అంత పొగలో ఆవిడకి ఉప్పు వాసన ఏం తెలిసేదో గాని, ఎప్పుడూ తప్పలేదు.

అసలు కష్టం నడుముది. అంత పొడుగు మనిషి నేల మీది పొయ్యి ముందు గొంతుక్కూర్చోలేడు, వంగి నిలబడలేడు. నాలుగు రోజులకే నడుం పట్టేసి మంచం మీద బోర్లా పడుకున్నాడు. నేను వీపు తొక్కాను. లేచాక పెరట్లో నూతి గట్టుకి మిగిలిన ఇటుకలు, పాత పశువుల సాలలోని నాపరాయి వంటింట్లోకి చేరవేశాడు. పాన్ దగ్గర నిలబడితే చేతులు ఎక్కడికి వచ్చేవో గుర్తు చేసుకుంటూ గాల్లో మోచేతులు వంచి చూసుకున్నాడు, నా చేత బొగ్గుతో గోడ మీద గీత గీయించాడు. ఆ గీతకి సరిగ్గా గట్టు కట్టి, దాని మీద మట్టి పొయ్యి వేశాడు. పొగ పోవడానికి కిటికీ ఉంది. కాని ఆ కిటికీ సందులోకి. సందులో కొళాయి. కొళాయి దగ్గర ఊళ్ళో ఆడవాళ్ళందరూ. నానమ్మ తలపట్టుకుంది. "నిలబడి వండడానికి ఇదేటి హోటలా? అది సాలక ఆడు కిటికీలోంచి ఊరికి కనబడతాడు కూడాను" అని ఒక పాత గోనెపట్టా తెచ్చి కిటికీకి మేకులు కొట్టించింది. దాంతో నాన్న కనబడడం మానేశాడు, పొగ పోవడమూ మానేసింది. దగ్గుతూ వండేవాడు. కొళాయి దగ్గర నుంచి ఎదురింటి పైడమ్మ, "ఏటత్తా, మీ కోడలు ఎక్సేంజీకెల్లినాది గదా, పోపెవులేస్తన్నారు?" అని అడిగితే నానమ్మ చుట్ట కదపకుండా, "అది పొద్దున్నే వండీసి ఎల్లిపోనాది. గుంట ఎచ్చబెడతాంది" అనేది. గుంట అంటే నేను. నేను గట్టు అంచుకి గడ్డం కూడా ఆన్చలేనంత పొట్టి.

ఒక మధ్యాహ్నం కడుపు నొప్పి అని బడి నుంచి ముందే వచ్చేశాను. నాన్న పెరట్లో నిద్రపోతున్నాడు. అరుగు ఖాళీ. ఇంట్లో నువ్వులు వేగుతున్న వాసన. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తే, నానమ్మ గట్టు ముందు పీట వేసుకుని దాని మీద నిటారుగా నిలబడి ఉంది. ఒక చెయ్యి నాపరాయి మీద ఆనించి, రెండో చేత్తో మూకుడులో నువ్వులు కలుపుతోంది. నోట్లో చుట్ట లేదు. ఏదో కూనిరాగం తీస్తోంది. ఆవిడ పాడడం నేను అంతవరకు వినలేదు. నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఎవులికీ సెప్పకే గుంటా" అని చేతిలో వేడి వేడి నువ్వులు పోసింది. ఆ తరవాత కూడా మధ్యాహ్నాలు ఇంట్లో ఏదో ఒకటి వేగిన వాసన వస్తూనే ఉండేది. పీట మీద తడి పాదాల ముద్రలుండేవి. నేను ఎవరికీ చెప్పలేదు. ఇందులో చెప్పాల్సింది ఏముందో కూడా నాకు తెలీదు.

వానలు వెనకపట్టాక, ఒక రోజు నాన్నతో ఫ్యాక్టరీలో పనిచేసే సింహాచలం మామ కబురు పట్టుకొచ్చాడు. తలుపు తట్టగానే అప్పటికి బుడిబుడి నడకల మా తమ్ముడు పీట ఈడ్చుకెళ్ళి, ఎక్కి, గడియ తీసేశాడు. సింహాచలం మామ నేరుగా వంటింటి దాకా వచ్చాడు. నాన్న భుజాన తువ్వాలుతో, వేళ్ళ మధ్య పప్పు సాగదీసి చూస్తూ దొరికిపోయాడు. "పాన్ కాడి నుంచి పప్పు కాడికొచ్చీసేవేటి బావా" అన్నాడాయన. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అంతపాటి మనిషి ఎక్కడ దాక్కోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. పప్పు చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, "కూకో, తినీసి ఎల్లు" అన్నాడు. సింహాచలం మామ తిన్నాడు, రెండోసారి చారు పోయించుకున్నాడు, వచ్చే సోమవారమే బాయిలర్ అంటిస్తున్నారని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. నాన్న ఆ రోజు చావిడి వైపు వెళ్ళలేదు. ఆయన తలవంచుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నాకు ఏడుపొచ్చింది, సింహాచలం మామ మీద కోపం వచ్చింది, ఎందుకో అమ్మ మీద కూడా వచ్చింది.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి అంతా వింది. రాత్రి అన్నాల దగ్గర, "సోమారం నాడు ఎల్లి మానెస్తానని సెప్పీసొస్తాను" అంది. నాన్న వద్దనలేదు. ఎలా అంటాడు, పొద్దున్న షిఫ్టు పడింది, గుంటల్ని ఎవరు చూస్తారు, వంట ఎవరు చేస్తారు. నానమ్మ కంచంలోకి చూస్తూ మజ్జిగన్నం కలుపుకుంది. మాటంటే మాటే అని ఆవిడ గుర్తుచేయనక్కర్లేదు.

సోమవారం చీకటితోనే నాన్న సైకిలెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. తెల్లవారింది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని, చెప్పులు మాత్రం వేసుకోకుండా వంటింటి గుమ్మం మీద కూర్చుండిపోయింది. మానేస్తానని చెప్పడానికైనా వెళ్ళాలి. వెళితే తిరిగొచ్చేదాకా పిల్లలకి ఏముందని. పొయ్యి వెలిగించలేదు. నేను బడికి తయారై ఆకలిగా నిలబడ్డాను. అప్పుడు నానమ్మ గోడ పట్టుకుంటూ అరుగు మీద నుంచి లోపలికి వచ్చింది. అమ్మ వైపు చూడలేదు. "ఏటే అలగ కూకున్నావు, గుమ్మానికడ్డంగా? లే. ఆ పీటిలగియ్యి" అంది. అమ్మకి అర్థం కాలేదు. నేనే పీట తెచ్చి గట్టు ముందు వేశాను. నానమ్మ నా భుజం మీద చెయ్యేసి దాని మీదకి ఎక్కింది. పుల్లలు దూర్చి, అగ్గిపుల్ల గీసి, పొగ ముఖాన కొట్టగానే "నా కల్లు పోతాయి దీంతోటి" అని కిటికీ గోనెపట్టాని రెండు చేతులా పట్టుకుని ఊడబెరికింది. మేకులతో సహా వచ్చింది. వెలుగంతా వంటింట్లో పడింది. కొళాయి దగ్గర పైడమ్మ బిందె ఎత్తబోయి ఆగింది. "ఏటత్తా, నువ్వే వండతన్నావేటి? కోడలు వండలేదేటి?" అంది. "అది డూటీకెల్తాంది. ఇది నా వంటిల్లు కాదేటి?" అంది నానమ్మ.

అమ్మ చెప్పులేసుకుని వెళ్ళింది. మానేస్తానని చెప్పలేదు.

నానమ్మ మారిపోయిందని మా చుట్టాలంతా చాలాకాలం మెచ్చుకున్నారు. కోడలి ఉద్యోగం నిలబెట్టిన అత్తగా ఆవిడకి బుచ్చయ్యపేట దాకా పేరొచ్చింది. నాకు నవ్వొచ్చేది. ఆవిడ అమ్మ కోసం అంత పని చెయ్యలేదు. మోకాళ్ళు లాక్కున్న వంటిల్లు, నాన్న నడుం నొప్పి పుణ్యమాని ఆవిడకి తిరిగి దక్కింది, మళ్ళీ వదలదలచుకోలేదు. ఆవిడ తిట్టిన గట్టే ఆవిడకి అక్కరకొచ్చింది. ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన నాన్న కాళ్ళు కడుక్కుని, కిటికీ చూసి, పీట మీద నిలబడ్డ తల్లిని చూసి, కూర్చుని అన్నం తిన్నాడు. "ఉప్పు సరిపోనాది" అన్నాడు. ఆ తరవాత కూడా అన్‌సీజన్లో నానమ్మ తిరునాళ్ళకో తీర్థానికో వెళితే ఆయనే వండేవాడు, కిటికీ తెరిచే వండేవాడు. కాని వీధి తలుపు గడియ మాత్రం ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన వండే రోజున పడుతూనే ఉండేది.

అమ్మ రిటైరయ్యేదాకా పనిచేసింది. ఒకనాడు ఎక్స్‌ఛేంజీలో కన్నాల బోర్డు పీకేశారు, జనం నంబరు వాళ్ళే తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆపరేటర్లు ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. అమ్మ రెండు రోజులు అన్నం సయించక తిరిగి, మూడో రోజు బిల్లుల సెక్షన్లో కూర్చోబెట్టమని తనే వెళ్ళి అడిగింది. కంప్యూటర్ వచ్చినప్పుడు చూపుడువేలొక్కదాంతో టైపు కొట్టడం నేర్చుకుంది. "కన్నాలు పోతే బొత్తాలొచ్చినాయి, అంతే గదేటే" అనేది. ఇంట్లో గ్యాసొచ్చి ఆ గట్టు మీదే కూర్చుంది. ఆదివారాలు అమ్మ పీటెక్కి వండేది. నానమ్మ పోయింది, నాన్న పోయాడు, అమ్మా వెళ్ళిపోయింది. గట్టు మిగిలింది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు, నాన్నలాగే గుమ్మం దగ్గర తలవంచి వచ్చి, నాకు అన్నం పెట్టాడు. పప్పు గిన్నె మూత తీసి, వడ్డించబోయేముందు, కాస్త తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. వాడు జన్మలో ఫ్యాక్టరీ గేటు దాటినవాడు కాదు. వాడికి తను చేసిన పని తెలీదు. ఉప్పు తక్కువైందన్నాను. "రుసి సూడ్లేదప్పా" అన్నాడు, అని నాలుక కరుచుకున్నాడు. "ఎన్నాళ్ళై వండుతున్నావురా?" అని అడిగాను. "షాపు తీసేసిన కాడి నుంచి. ఎవులికీ సెప్పొద్దని లక్ష్మితో అన్నాను. అది సెప్పలేదు, కాని నాకోసం అబద్దమాడనని మాత్తరం సెప్పీసినాది" అన్నాడు. నాకు లక్ష్మి మీద గౌరవం, వీడి మీద కోపం ఒకేసారి వచ్చాయి. నాన్న దాచుకున్నాడంటే, ఆ రోజుల్లో వీధంతా కాచుక్కూచుంది. ఇప్పుడు ఎవడి ఫోన్లో చూసినా మగాళ్ళు వంటలు చేసి చూపిస్తున్నారు. కొళాయి దగ్గర ఎవరూ లేరు, ఇంటింటికీ మోటార్లే. నాన్న తరఫున అబద్ధమాడడానికి నానమ్మ ఉంది. వీడి అబద్ధం వీడే ఆడుకుంటున్నాడు, గడియా వీడే పెట్టుకుంటున్నాడు. రెండు షాపులు నడిపినవాడు, బూత్ నుంచి జిరాక్స్‌కి ఒక్క వారంలో మారినవాడు, గరిటె దగ్గర ఆగిపోయాడు. ఈ మాటలన్నీ అనేద్దామనుకున్నాను. కాని వాడి చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి, నాన్న చెవుల్లాగే. మజ్జిగ పోయమన్నాను.

మర్నాడు గట్టు కొట్టారు. ఇటుకలు బయటికి మోస్తుంటే వీధి తలుపు తెరిచి ఉంచక తప్పలేదు. గట్టు ఉన్నంత మేరా గోడ మీద సున్నం తెల్లగా, దానిపైన మసి, మధ్యలో గట్టు ఎత్తున ఒక గీత మిగిలాయి. సాయంత్రం లక్ష్మి బడి నుంచి వచ్చి, భుజాన బ్యాగు దింపకుండానే చూస్తూ నిలబడింది. కొత్త రకం వంటిల్లు బిగించే కుర్రవాడు విశాఖపట్నం నుంచి టేపు పట్టుకుని వచ్చాడు. పైడమ్మ కొడుకు ఏమిటీ హడావిడి అని వచ్చి గుమ్మంలో ఆగాడు. "వంట చేసేదెవరండీ? వాళ్ళ మోచేతిని బట్టి ఎత్తు పెడతాం. మేడం గారూ, ఓసారిలా గోడ దగ్గరికి రండి" అన్నాడు కుర్రవాడు.

లక్ష్మి కదలలేదు. మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ తమ్ముడి వైపు చూసింది. నేనూ నోరు మూసుకున్నాను, నాకది ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు గుమ్మంలో ఉన్న పైడమ్మ కొడుకుని చూశాడు, తెరిచి ఉన్న వీధి తలుపు చూశాడు. భుజం మీద తువ్వాలుతో ఒకసారి మొహం తుడుచుకున్నాడు. వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు కొలు బాబూ. వంట నానే సేస్తన్నాను" అన్నాడు.

పైడమ్మ కొడుకు "కుక్కరు పెట్టుకోడానికి జాగా ఎక్కువుంచమను బావా, మా ఇంట్లో నాకు అదే తిప్పలు" అన్నాడు. కుర్రవాడు అసలు తలెత్తనేలేదు. "మోచెయ్యి వంచండి సార్" అని టేపు పట్టి, పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు. గీసి, వెనక్కి జరిగి చూసి, బుర్ర గోక్కున్నాడు. పెన్సిలు గీత పాత గట్టు గీత మీదే పడింది.

"ముందు కట్టినాయన కరెక్టుగానే కట్టేడు సార్. కొట్టకపోయినా పోయేది" అన్నాడు.

లక్ష్మి నవ్వింది. "మరి ఆదివారం నాను వండితేనో?" అంది.

నేను పెరట్లోకి వెళ్ళి, ఇటుక ముక్కల కుప్పలోంచి పీట తీసి, దుమ్ము దులిపి తెచ్చి ఆ గీత కింద పెట్టాను.